మూసేసిన కొండ మీద మంచు తూకం

పోయినేడాది ఫ్రీమాంట్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాలకి కలిసినప్పుడు, వాళ్ళమ్మాయి స్వాతి నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. నీటి వనరుల ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరిందట. “అంకుల్, మీ టైమ్‌లో స్నో సర్వే అంటే యాక్చువల్‌గా ఏం చేసేవారు? రిపోర్ట్స్ నేను చదివాను. అందులో లేనిది చెప్పండి,” అంది.

ఆ సాయంత్రం సరిగా చెప్పలేకపోయాను. పక్కనెవరో ఇళ్ళ ధరల గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. ఇంటికొచ్చాక కాగితాలు ముందు వేసుకుని రాయడం మొదలుపెట్టాను. ఇది ఆ అమ్మాయి కోసం, ఆ పనిలోకి రాబోయే మరెవరి కోసమైనా. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. దాంతో మీకు పని లేదు.

పని ఏమిటంటే

కాకినాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, డెబ్బైల మొదట్లో పై చదువుకి కొలరాడో వచ్చాను. చదువయ్యాక దొరికిన ఉద్యోగం మంచు తూచడం. మా నాన్నగారికి ఉత్తరంలో ఆ మాట రాస్తే, అర్థం కాలేదు, వివరంగా రాయమని జవాబు రాశారు.

అక్కడి నదులన్నీ కొండల మీది మంచు కరిగితేనే పారతాయి. చలికాలమంతా పడిన మంచు ఏప్రిల్, మే నెలల్లో నీరై దిగుతుంది. ఎంత దిగుతుందో ముందే తెలిస్తేనే కింద డ్యామ్ నడిపేవాళ్ళు ఎంత చోటు ఖాళీ చేసుకోవాలో తేల్చుకోగలరు. ఎక్కువ ఖాళీ చేస్తే వేసవిలో పొలాలకి నీరుండదు. తక్కువ చేస్తే వరద పొంగి ఊళ్ళ మీద పడుతుంది.

మంచు ఎంత లోతుందన్నది అసలు విషయం కాదు. అడుగు లోతు కొత్త మంచులో అంగుళం నీరుండొచ్చు, పాతదయితే ఐదంగుళాలుండొచ్చు. అందుకే తూచాలి. చివర పళ్ళున్న అల్యూమినియం గొట్టాన్ని మంచులోకి నిటారుగా దించి, నేల తగిలాక పైకి తీసి, స్ప్రింగ్ త్రాసుకి తగిలిస్తాం. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మిగిలింది నీరు. ప్రతి ఏడూ అదే కొండ మీద, అదే వరసలో, అవే పది చోట్లు. ఇంతే పని. ఆ పది చోట్లకి చేరడానికి మాత్రం స్కీల మీద కొండెక్కాలి.

ముప్పై ఒకటో ఏట

చేరేటప్పుడు నన్నెవరూ స్కీయింగ్ వచ్చా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. మొదటి వారమే సంగతి బయటపడింది.

నాకు నేర్పింది లిండా, మా బృందంలోని సర్వేయర్. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. మా ఆఫీసుకి రాకముందు ఆరు చలికాలాలు దగ్గరలోని ఒక స్కీ కొండ మీద గస్తీ బృందంలో పనిచేసింది. అంటే దెబ్బలు తగిలినవాళ్ళని కిందికి దింపడం, ప్రమాదకరమైన వాలుల్ని పొద్దున్నే పరీక్షించడం. ఆ కొండని ఏప్రిల్ మధ్యలో మూసేస్తారు. మంచు లేక కాదు, జనం రాక. లోయలో పూలు పూస్తుంటే కొండ మీద స్కీలెవరికి గుర్తుంటాయి? ఆ తర్వాత జనాన్ని పైకి మోసే లిఫ్ట్ కుర్చీలు తీగెకి ఊరికే వేలాడుతుంటాయి. నడిచి ఎక్కగలిగితే కొండంతా మనదే.

అక్కడే నేర్చుకున్నాను. స్కీల అడుగున స్కిన్స్ అనే బొచ్చు పట్టీలు అతికిస్తే వెనక్కి జారకుండా పైకి నడవొచ్చు. పైకెళ్ళాక వాటిని పీకేసి కిందికి జారాలి. నడక నాకు వారంలో పట్టుబడింది. జారడానికి రెండేళ్ళు పట్టింది. మొదటి రోజు లిండా నా పడిపోవడాలు లెక్కపెట్టి, నలభై దాటాక మానేసింది.

ఆ రోజు ఇంటికెళ్ళి బూట్లు విప్పలేక గుమ్మంలోనే కూలబడితే, మా ఆవిడ విజయ వచ్చి ముడులు విప్పుతూ, “ఏమండీ, దీనికి వాళ్ళు మీకు జీతం ఇస్తున్నారా, మీరే వాళ్ళకి ఫీజు కడుతున్నారా?” అంది. జీతమే ఇస్తున్నారని చెప్పాను. “అయితే మంచి ఉద్యోగమే. నడుముకి ఏమైనా రాయమంటారా?” అంది.

కష్టంగా ఉండేది కానీ, నాకది మొదట్నించీ నచ్చింది. ఆఫీసు గదిలో కూర్చుని ఇంకొకరు కొలిచిన అంకెల్ని కూడే ఉద్యోగాలు నా తోటివాళ్ళు చాలామంది చేశారు. నా అంకెల్ని నేనే కొండ మీంచి దింపుకున్నాను.

మట్టి బిళ్ళ

మా బాస్ హెరాల్డ్. పశువుల్ని పెంచే కుటుంబంలో పుట్టి, అదే కొండల్లో ముప్పై ఏళ్ళు మంచు తూచినవాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మనం టీ తాగి రావొచ్చు. కోప్పడగా నేను చూడలేదు. ఆయన ముందు తప్పు ఒప్పుకోవడం అందుకే ఇంకా కష్టంగా ఉండేది.

గొట్టం పైకి తీసినప్పుడు దాని చివర కాస్త మట్టి, గడ్డి అంటుకుని రావాలి. నేల దాకా దిగిందనడానికి అదే రుజువు. ఆ మట్టి బిళ్ళని కత్తితో తీసేసి తూచాలి. రెండో ఏడు మార్చిలో, గాలి కొడుతున్న రోజున, ఎనిమిదో చోట నాకు మట్టి రాలేదు. మధ్యలో ఏ ఐస్ పొరకో తగిలి ఆగిపోయి ఉంటుంది. మళ్ళీ దించాలి. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఏడో చోటికీ తొమ్మిదో చోటికీ మధ్యస్థంగా ఉండే అంకె వేసేశాను.

మర్నాడు హెరాల్డ్ నా కాగితం చూసి, ఎనిమిదో చోట ఏం మట్టి వచ్చిందని అడిగాడు. నేను తడబడ్డాను. ఆ చోట నేల బురదగా ఉంటుందనీ, అక్కడి బిళ్ళ ఎప్పుడూ నల్లగా, పీచుతో వస్తుందనీ, చూసినవాడు మర్చిపోడనీ నెమ్మదిగా చెప్పాడు. ఆపైన ట్రక్కు తాళాలు నా ముందు పెట్టాడు. నాలుగు గంటల డ్రైవ్, మూడు గంటల నడక, ఒక్క గొట్టం కోసం. తోడుగా ఆయనే వచ్చాడు.

నేను ఊహించి వేసిన అంకె అసలుకి చాలా దగ్గరగా ఉంది. అది చూపిస్తే సంతోషిస్తాడనుకున్నాను. “దగ్గరగా ఉంది కాబట్టే భయం. ఇంకోసారి వేస్తావు,” అన్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో కొలవని అంకె ఒక్కటి కూడా వేయలేదు. ఈ ఉద్యోగంలో నేను గర్వపడేది దీనికే.

తుఫాను తర్వాత

ఇక అసలు రాయాల్సింది. ఎనభైల తొలి ఏళ్ళలో ఒక మే నెల మొదట్లో మూడు రోజులు ఆగకుండా మంచు కురిసింది. స్కీ కొండ మూసేసి అప్పటికి రెండు వారాలు దాటింది. మా కొలత వరసల్లో ఒకటి ఆ కొండ భుజానికి అవతల, చెట్ల మధ్య ఖాళీలో ఉండేది. అక్కడ అప్పటికే ఒక యంత్రం పెట్టారు. నేల మీద పరిచిన పెద్ద స్టీలు దిండు లాంటిది, మీద పడిన మంచు బరువుని రేడియోలో పంపుతుంది. తుఫాను తర్వాత అది ఒకదానికొకటి పొంతన లేకుండా గంటకో అంకె పంపుతోంది. వాతావరణం వాళ్ళేమో వారంలో బాగా వేడెక్కుతుందంటున్నారు. డ్యామ్ అధికారికి ఆ సాయంత్రం నాలుగింటికల్లా అంకె చెబుతామని హెరాల్డ్ మాటిచ్చాడు.

ఆరింటికే నడక మొదలుపెట్టాలని లిండా అంది. రోడ్డు మీద మంచు తీసేసరికి తొమ్మిదయింది. కొండ కింద లిఫ్ట్ చక్రాలకి గ్రీజు పెడుతున్న మెకానిక్ తప్ప మనిషి లేడు. తలుపు మీద ఆఫీసు ముద్ర ఉన్న మా ట్రక్కుని ఖాళీ పార్కింగ్ మధ్యలో నిలిపి ఎక్కడం మొదలుపెట్టాం.

అంత మంచి మంచు నేను చలికాలంలో కూడా చూడలేదు. మోకాలి లోతు, దూదిపింజలా తేలిక, ఎక్కడా ఒక గీత లేదు. ఎండ బాగా కాస్తోంది. చొక్కాలతో నడుస్తున్నాం. దిగేటప్పుడు ఎలా ఉంటుందో తలుచుకుంటూ ఇద్దరం నవ్వుకున్నాం.

లిఫ్ట్ మధ్య స్టేషన్ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎదురుగా గిన్నెలా పల్లంగా ఉన్న పెద్ద వాలు. దాన్ని బౌల్ అనేవాళ్ళు. దానికి అడ్డంగా నడిస్తే పావుగంటలో భుజం మీదికి చేరతాం. చెట్లలోంచి చుట్టూ తిరిగితే గంట పైనే. లిండా చెట్ల వైపు మళ్ళింది. నేను ఆగాను. పదకొండవుతోంది, పది చోట్లు తూచాలి, నాలుగింటికి అంకె చెప్పాలి. ఆ లెక్క ఆమెకి చెప్పాను.

“తుఫాను వచ్చిన ప్రతి పొద్దునా దీని మీద బాంబులేసి, వేలాడే మంచుని మేమే దించేసేవాళ్ళం,” అంది లిండా. “అప్పుడే జనాన్ని వదిలేవాళ్ళం. ఇప్పుడు వేసేవాళ్ళు లేరు, రావ్. ఇది స్కీ ఏరియా కాదు. ఉత్త కొండ.”

నాకు అర్థమైంది. అయినా మొండికేశాను. అంచు దాకా వెళ్ళి చూస్తానన్నాను. తను రానని చెప్పి అక్కడే నిలబడింది. నేను బౌల్‌లోకి ముప్పై అడుగులు వేశాను.

కాళ్ళ కింద ధప్పుమంది. బియ్యం బస్తా నేల మీద పడేసినట్టు. చుట్టూ ఉన్న మంచంతా ఒక్కసారిగా బొటనవేలి మందాన కుంగింది. కింద పాత మంచు గట్టి పొర, పైన ఈ కొత్త బరువు, రెంటికీ మధ్య పట్టు లేదన్నమాట.

వెనక నుంచి లిండా మెల్లగా, “తిరక్కు. వచ్చిన జాడలోనే వెనక్కి అడుగెయ్యి,” అంది. వేశాను. ఆ ముప్పై అడుగులకి ఎంతసేపు పట్టిందో తెలియదు. చేరాక ఆమె చెట్లలోకి దారి తీసింది. నేను వెనకే నడిచాను.

అరగంట తర్వాత కింద నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. దాని వెనకే ఒక ఆడమనిషి కేక.

వాళ్ళు భార్యాభర్తలు, రాయ్, నోరా. నలభై దాటినవాళ్ళు, ఆ ఊళ్ళోనే ఉంటారు. ఏటా కొండ మూసేశాక స్కీయింగ్‌కి వచ్చేవాళ్ళు. మా వెనకే ఎక్కారు. చీలిక దగ్గర రెండు జాడలున్నాయి. రాయ్ నా ముప్పై అడుగుల జాడ పట్టుకుని, అది ఆగిన చోటు నుంచి ఇంకో పది అడుగులు వేశాడు. బౌల్‌లోని మంచు సగం కదిలి అతన్ని కిందికి ఈడ్చుకుపోయింది. నోరా అప్పటికింకా అంచులోనే ఉంది.

మేం దిగేసరికి ఆమె తన స్కీతో తవ్వుతోంది. రాయ్ ఛాతీ దాకా కూరుకుపోయి, ఒక చెట్టు మొదలుకి ఆనుకుని ఉన్నాడు. మొహం బయటే ఉంది. స్పృహలో ఉన్నాడు. రాయ్ ఉన్న వైపు వదులైన మంచంతా అప్పటికే దిగిపోయిందని పైకి చూసి నిర్ధారించుకున్నాకే లిండా లోపలికి అడుగుపెట్టింది. నన్ను వెనక్కి తిప్పి, “మధ్య స్టేషన్ కింద గస్తీవాళ్ళ స్లెడ్ బోర్లించి ఉంటుంది. పట్రా. పడకుండా రా. పడితే నాకు ఇద్దరవుతారు,” అంది.

నేను పడలేదు. రెండేళ్ళు ఆ కొండ మీద పడింది ఆ పది నిమిషాల కోసమేనేమో అనిపించింది. మంచు మీద జారే ఆ స్లెడ్ బండిని స్టేషన్ దగ్గర్నుంచి చెట్ల అంచునే ఈడ్చుకొచ్చేసరికి రాయ్‌ని బయటికి తీశారు. మోకాలి కింద ఎముక విరిగింది. చెట్టు కొమ్మలు కట్టి కాలు కదలకుండా చేశాం. లిండా ముందు పిడులు పట్టుకుంది, నేను వెనక తాడు పట్టుకున్నాను. నోరా పక్కనే దిగింది.

సగం దారిలో లిండా ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు రాయ్ నా వైపు చూశాడు. “కింద మీ ట్రక్కు చూశాం. మీ జాడ చూశాం. మీరు వెళ్ళారంటే సేఫే అనుకున్నాను,” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడు.

ఆ మాట తలకెక్కడానికి నాకు ఎవరి కోపమూ అవసరం లేకపోయింది.

సాయంత్రం

మెకానిక్ ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చి వాళ్ళని తీసుకెళ్ళింది. మేం ఆఫీసుకి చేరేసరికి నాలుగు దాటింది. అంకె లేదు. హెరాల్డ్ మా ముందే డ్యామ్ అధికారికి ఫోన్ చేసి, ఇవాళ కొలవలేదనీ, రేపు పదకొండింటికి చెబుతాననీ అన్నాడు. సుమారుగానైనా చెప్పమని అవతలాయన గట్టిగా అడగడం మాకూ వినిపించింది. కొలవలేదని హెరాల్డ్ ఇంకోసారి చెప్పి పెట్టేశాడు.

నేను రిపోర్టు రాశాను. బౌల్ ప్రమాదకరంగా ఉందని గమనించి చెట్ల దారిన వెళ్ళామనీ, రాయ్ బౌల్‌లోని ఒక జాడ పట్టుకుని వెళ్ళి చిక్కుకున్నాడనీ రాశాను. అబద్ధం కాదు. హెరాల్డ్ చదివి, “మరి ఆ జాడ ఎవరిది?” అని అడిగాడు. లిండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె అప్పటికీ చెప్పలేదని అప్పుడే తెలిసింది నాకు.

“నాది. ఆమె వద్దంది. నేను వెళ్ళాను,” అన్నాను.

హెరాల్డ్ అదే మాట అలాగే రాయమన్నాడు. రాశాను. ఆ సీజన్ అంతా కొండ మీద దారి నిర్ణయం లిండాదేనని కింద ఆయన రాసి సంతకం పెట్టాడు. వయసులోనూ హోదాలోనూ నేను పెద్దవాణ్ణి. మొదటి రోజు కాస్త చిన్నతనం అనిపించింది. రెండో రోజుకి ప్రాణం హాయిగా ఉంది. బృందంలో ఒక మనిషి నాకంటే బాగా ఆలోచిస్తుంటే, ఆ పని ఆమెకి వదిలేయడం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది. మీకూ అలాంటివాళ్ళు తారసపడతారు. జీతం స్లిప్పు చూసి గుర్తుపట్టలేరు.

మర్నాడు

తెల్లవారుతుండగానే ఎక్కాం. చెట్ల దారినే. చలికి మంచు బిగుసుకుని ఉంది. ఎనిమిదిన్నరకి మొదటి గొట్టం దించాం. ఎండ తగిలిన గొట్టం వెచ్చబడితే లోపల మంచు అంటుకుపోతుంది. అందుకని ప్రతిసారీ చెట్టు నీడలో కాసేపు ఉంచి చల్లబరిచాకే దించాం. పది చోట్లా మట్టి వచ్చింది. పది బిళ్ళలూ చూశాను.

నీరు మేమెవరం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. లిండా నా కాగితం చూసి, తన కాగితం చూసుకుని, మూడు చోట్ల మళ్ళీ తూయించింది. అవే అంకెలు. ట్రక్కులోని రేడియోలో చెప్పాలంటే త్వరగా దిగాలి.

ఆ దిగడం గురించి రాయకపోతే ఈ పని గురించి సగమే రాసినట్టు. చెట్ల అంచున, లిండా చూపించిన తక్కువ వాలులో, ఒకరి తర్వాత ఒకరం దిగాం. పొద్దుటి చలిలో కొత్త మంచు మోకాళ్ళ మీదికి లేచి రెండు వైపులా విడిపోతోంది. స్కీల కింద చప్పుడే లేదు. ఒక మలుపు ముగియకముందే రెండోది దానంతటది వచ్చేస్తోంది. ముందు రోజు జరిగింది మర్చిపోయానని కాదు. అది గుర్తుండగానే అంత సంతోషం వేసింది. అలా వేయడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

పదకొండుకి ఐదు నిమిషాల ముందు అంకె చెప్పాం. మధ్యాహ్నానికి డ్యామ్ గేట్లు ఎత్తారు. పది రోజుల తర్వాత వేడికి మంచంతా ఒక్కసారిగా దిగినప్పుడు, కింద ఊళ్ళో నది రోడ్డు అంచు దాకా వచ్చి, రెండు రోజులుండి తగ్గింది. ఎవరి ఇల్లూ తడవలేదు. మా గురించి ఎవరూ ఏమీ అనలేదు. మా ఉద్యోగంలో అది మంచి ఫలితం.

కొమ్మలు

ఆ ఆదివారం రాయ్‌ని చూడటానికి హాస్పిటల్‌కి వెళ్ళాను. ఒంటరిగా వెళ్ళొద్దని విజయ కూడా వచ్చింది, పులిహోర డబ్బాతో. రాయ్ ఆ పులిహోర ఇష్టంగా తిన్నాడు. నోరా ముట్టలేదు. ఆ జాడ నాదేననీ, మధ్యలో వెనక్కి తిరిగాననీ చెప్పి క్షమించమని అడిగాను. మా ఆఫీసు తరఫున కాదని, నా తరఫునేనని చెప్పాను.

నోరా దుప్పటి సర్దింది. ఆపైన, “మీరు వెనక్కి వచ్చేశారు కదా. మరి ఆ సంగతి మాకు ఎందుకు చెప్పలేదు?” అంది.

వాళ్ళు వస్తున్నట్టు మాకు తెలియదని నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను. ఆమె అడిగింది అది కాదు. నేను వెనక్కి వచ్చేసిన సంగతి ఆ జాడ చెప్పలేదు. కార్‌లో విజయ, “ఆవిడ అడిగినదాంట్లో తప్పేం ఉంది? రోడ్డు తవ్వితే మనవాళ్ళు ఒక కొమ్మ నాటి పెడతారు కదండీ,” అంది.

సోమవారం ఆ మాట హెరాల్డ్‌కి చెప్పాను. అప్పట్నుంచి మా బృందంలో ఎవరు ఎక్కడ వెనక్కి తిరిగినా, జాడ మొదట్లో రెండు కొమ్మలు విరిచి అడ్డంగా ఇంటూ గుర్తులా గుచ్చి రావడం పద్ధతయింది. రెండు నిమిషాల పని. ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. మీరూ చేయండి. మీ ట్రక్కు తలుపు మీద ముద్ర ఉన్నంతకాలం మీ అడుగుల్ని ఎవరో ఒకరు నమ్ముతారు.

తర్వాతి ఏడు మే నెలలో మళ్ళీ అలాంటి తుఫానే వచ్చింది. దారి నిర్ణయం మళ్ళీ నాకిచ్చారు. అదే కొండ ఎక్కి, చీలిక దాటి వంద గజాలు వెళ్ళాక, చెట్ల దారిలో కూడా మంచు కుంగుతున్నట్టు అనిపించింది. లిండాని అడిగాను. నీకేమనిపిస్తోందని తిరిగి నన్నే అడిగింది. ఇవాళ వద్దన్నాను. చీలిక దగ్గరికి దిగొచ్చి, రెండు స్ప్రూస్ చెట్టు కొమ్మలు విరిచి జాడకి అడ్డంగా గుచ్చి, కిందికి పోయాం. రెండు రోజులాగి వెళ్ళి కొలిచాం.

ఆ రెండో రోజు ఎక్కుతున్నప్పుడు, మేం గుచ్చిన కొమ్మలు కాస్త ఒరిగి, అలాగే నిలబడి ఉన్నాయి. కింద నుంచి ఎవరివో రెండు జతల స్కీల జాడ వాటి దాకా వచ్చి ఉంది. అక్కడ మంచు బాగా తొక్కి ఉంది, కాసేపు నిలబడి మాట్లాడుకున్నట్టు. ఆ కొమ్మలకి అవతల మా పాత జాడ తప్ప ఒక్క అడుగు కూడా లేదు. జాడ అక్కడే మలుపు తిరిగి, చక్కటి వంపులతో కిందికి దిగిపోయింది.

వాళ్ళెవరో నాకు ఎప్పటికీ తెలియలేదు. లిండా ఆ వంపుల్ని కిందిదాకా చూసి, “బాగా స్కీ చేసేవాళ్ళే,” అంది. మేం పట్టీలు సర్దుకుని, గొట్టం భుజానికెత్తుకుని పైకి నడిచాం.